జీపు ఒక పక్కకి ఒరిగితే... హుక్ సూత్రం చూపిన దారి



ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు నేను ఈ హాస్టల్లోనే పెరిగాను. స్టడీ అవర్‌లో మేం కూర్చునే బల్ల ఒకటి ఎప్పుడూ ఊగుతూ ఉండేది. కోడు కింద అట్టముక్క మడిచి పెట్టేవాళ్లం. రెండు రోజులకి అట్ట నలిగిపోయేది, బల్ల మళ్లీ ఊగేది. ఏ కోడు పొట్టిదో, అసలు తప్పు కోడుదో నేలదో మాలో ఎవరూ కొలిచి చూడలేదు. అదే ప్రశ్న గత వేసవి సెలవుల్లో మా నాన్న జీపు దగ్గర నాకు ఎదురైంది. ఈసారి అట్టముక్కతో తీరేది కాదు.

నాన్న పాతపట్నం నుంచి మెళియాపుట్టి వైపు పాత మహీంద్రా కమాండర్ జీపు నడుపుతారు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడిని నేనే. నా ఫీజులూ, బస్సు చార్జీలూ ఆ జీపు సంపాదించినవే. ఏళ్ల తరబడి బరువు మోసి దాని కమాన్లు దిగిపోయాయి. గుంతల్లో అడుగుభాగం రాళ్లకు తగులుతోంది. ఒక షెడ్డులో నాలుగు కమాన్లకీ తలా ఒక కొత్త పట్టీ వేయించారు. జీపు రెండంగుళాలు లేచింది. కానీ ఎడమ పక్కకి ఒరిగింది. మళ్లీ తీసుకెళ్తే, "ఎడం పక్కన ఒక ఇనప దిమ్మ పెట్టేస్తే సరిపోద్ది" అన్నారట.

నాన్న నన్ను అడిగారు: "ఏరా బాబూ, నువ్వు ఫిజిక్సు చదివినావు గదా, ఆలు సెప్పింది సరైనదేనా?"

ఎమ్మెస్సీ చదువుతున్నా నాకు వెంటనే జవాబు తెలియలేదు. రెండు రోజులు ఆగమన్నాను. ఆ రెండు రోజుల్లో నేర్చుకున్నదే ఈ పాఠం.

కమాను ఎలా పనిచేస్తుంది?

వంపు తిరిగిన ఉక్కు పట్టీలను ఒకదానిమీద ఒకటి పేర్చి, నడుమ సెంటర్ బోల్టుతో బిగిస్తే కమాను కట్ట అవుతుంది. యూ బోల్టులు దాన్ని ఇరుసుకి పట్టి ఉంచుతాయి. బరువు పడినప్పుడు వంపు తగ్గి కట్ట పొడవు పెరుగుతుంది. అందుకే ఒక కొసను చాసిస్‌కి నేరుగా బిగించి, రెండో కొసను ఊగే షాకిల్‌కి తగిలిస్తారు.

ఇంటర్లో చదివిన హుక్ సూత్రం గుర్తు తెచ్చుకోండి. రాబర్ట్ హుక్ దీన్ని 1678లో వివరించాడు. స్ప్రింగు ఎంత దిగుతుందో అది దానిమీది బరువుకి అనులోమంగా ఉంటుంది. ఉదాహరణకు ఏడు పట్టీల కట్ట బల స్థిరాంకం మిల్లీమీటరుకి 30 న్యూటన్లు అనుకుందాం. 3000 న్యూటన్ల బరువుకి అది 100 మిల్లీమీటర్లు దిగుతుంది. అందులో ఒక పట్టీ పని మానేస్తే, పట్టీలన్నీ సమానంగా మోస్తున్నాయనుకుంటే, స్థిరాంకం సుమారు 25.7కి తగ్గుతుంది. అదే బరువుకి కట్ట దాదాపు 117 మిల్లీమీటర్లు దిగుతుంది. అంటే ఆ మూల 17 మిల్లీమీటర్లు కిందికి పోతుంది.

ఇంకో సంగతి. పట్టీ బిరుసుతనం దాని మందం ఘనాన్ని బట్టి ఉంటుంది. 10 మిల్లీమీటర్ల పట్టీ తుప్పు పట్టి 9కి అరిగితే మందంలో పోయింది పదో వంతే. కానీ 0.9ని మూడుసార్లు గుణిస్తే 0.729. బిరుసుతనంలో నాలుగో వంతుకి పైగా పోయినట్టే!

ముందు కొలత, తర్వాతే పానా

1. నేల: వాలు నేల మీద ఏ బండయినా ఒరిగినట్టే కనిపిస్తుంది. మా మావయ్య తాపీ మేస్త్రీ. ఆయన దగ్గర నీళ్లు నింపే లెవెల్ పైపు తెచ్చి, నాలుగు టైర్లు నిలిచే చోట్లు ఒకే మట్టంలో ఉన్నాయో లేదో చూశాం. తగ్గిన చోట చెక్క వేశాం.

2. టైర్లు: ఇరుపక్కలా ఒకే సైజు టైర్లు, ఒకే గాలి ఉండాలి. బండి ఖాళీగా ఉండాలి. జాకీ మీంచి దించాక బండిని కాస్త ముందుకీ వెనక్కీ నెట్టాలి, అప్పుడే కమాన్లు కుదురుకుంటాయి.

3. ఎత్తు: చక్రం నడిబొడ్డు నుంచి నిట్టనిలువుగా మడ్‌గార్డు అంచుదాకా కొలవాలి. నేల నుంచి కొలిస్తే టైరు తేడా కూడా కలిసిపోతుంది. బాడీయే చాసిస్ మీద వంకరగా ఉండొచ్చు కనుక, చాసిస్ నుంచి ఇరుసుకి ఉన్న ఎత్తు కూడా చూసుకోవాలి.

మాకు వచ్చిన అంకెలు ఇవి. ముందు ఎడమ 47.1, కుడి 49.3 సెంటీమీటర్లు. వెనక ఎడమ 50.2, కుడి 52.5. ముందు తేడా 2.2, వెనక తేడా 2.3. అంటే రెండు ఎడమ కమాన్లూ చెడిపోయాయా? నేను అలాగే అనుకుని పొరబడ్డాను. చాసిస్ గట్టిది. వెనక ఒక మూల కుంగినా, ముందు భాగం కూడా దానితోపాటే ఒరుగుతుంది. కాబట్టి కొలత ఒక్కటే దోషిని పట్టివ్వదు.

దోషి ముందా, వెనకా?

దీనికి ఒక పరీక్ష ఉంది. ముందు చక్రాలకు రెండు వైపులా దిమ్మలు అడ్డం పెట్టి, చాసిస్ వెనక అడ్డబద్దీ సరిగ్గా నడుమ జాకీ పెట్టి, వెనక చక్రాలు రెండూ నేల వదిలేదాకా లేపాలి. అప్పుడు వెనక కమాన్లకి బండిని ఏ పక్కకీ ఒరిగించే శక్తి ఉండదు. బండి ముందు కమాన్ల మాటే వింటుంది. ముందు భాగం సమంగా నిలిస్తే తప్పు వెనకది, ఒరిగే ఉంటే తప్పు ముందుది. ఈ పరీక్ష చేసేటప్పుడు బండి కిందికి దూరకూడదు, బండిలో ఎవరూ ఉండకూడదు.

మాకు ముందు తేడా 22 మిల్లీమీటర్ల నుంచి 3కి పడిపోయింది. తప్పు వెనకే ఉంది!

తర్వాత తెలిసిన మెకానిక్ ఒకాయన సాయంతో, చాసిస్‌ని గట్టి స్టాండ్ల మీద నిలిపి, వెనక కమాన్లను కుడిది ఎడమకీ ఎడమది కుడికీ మార్చాం. ఒరుగు అక్కడే ఉంటే తప్పు చాసిస్‌ది, లేదా కొసలు పట్టే బ్రాకెట్లది. పక్క మారితే తప్పు కమానుది. మా జీపు ఈసారి కుడికి ఒరిగింది.

ఆ కట్ట విప్పి, తుప్పు గీకి, పట్టీలను ఒక్కొక్కటే వేలాడదీసి సుత్తితో తట్టాం. మంచి పట్టీ గంటలా మోగింది. పైనుంచి రెండోది మాత్రం 'డబ్' మంది. సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర, తుప్పు చాటున, దాదాపు అడ్డంగా పగులు ఉంది. దాన్ని తీసి చూపిస్తే నాన్న చాలాసేపు మాట్లాడలేదు. సంత రోజుల్లో ఆ జీపులో ఎంతమంది ఎక్కుతారో ఆయనకి తెలుసు. ఇనప దిమ్మ పెట్టి ఉంటే జీపు చూపుకి తిన్నగా నిలిచేది. పగులు మాత్రం లోపలే పెరిగేది.

సరిచేసే పద్ధతి

కమాన్లను జతగా మార్చాలి. ఒక పక్కే కొత్తది వేస్తే బిరుసు తేడా వచ్చి ఒరుగు తిరిగి వస్తుంది. సెంటర్ బోల్టు తల ఇరుసు మీది రంధ్రంలో సరిగ్గా కూర్చోవాలి. యూ బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. కొంతదూరం తిరిగాక మళ్లీ బిగించాలి. రబ్బరు బుష్‌లుంటే వాటి బోల్టులను చక్రాలు గాలిలో ఉండగా బిగించకూడదు. బండి నేల మీద నిలిచాకే బిగించాలి. లేకపోతే రబ్బరు మెలిపడి బండిని ఒక పక్క ఎత్తి పట్టుకుంటుంది. కొత్తగా ఎత్తించిన బండ్లు ఒరగడానికి ఇదొక కారణం. ఇవన్నీ చూశాక కూడా, ఎప్పుడూ ఒకే పక్క ఉండే బరువు వల్ల కొద్ది తేడా మిగిలితేనే, ఆ పక్క పలుచటి పట్టీ వేయడం న్యాయం.

ఎత్తు గురించి ఒక హెచ్చరిక. చక్రాల మధ్య దూరంలో సగం 65 సెంటీమీటర్లు, గరిమనాభి ఎత్తు 70 అనుకుంటే నిష్పత్తి 0.93. ఇంకో 5 సెంటీమీటర్లు లేపితే అది 0.87కి తగ్గుతుంది. అది తగ్గేకొద్దీ మలుపులో బోల్తా పడే ప్రమాదం పెరుగుతుంది. తయారీదారు ఇచ్చిన తీరుకు భిన్నంగా బండిని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తుంది. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే స్పష్టం చేసింది. అందుకే మేం జీపుని దాని మొదటి ఎత్తుకి తెచ్చి ఆపేశాం. వెనక తేడా ఇప్పుడు 3 మిల్లీమీటర్లు.

తమ్ముళ్లూ, హుక్ సూత్రాన్ని పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగానే నేను బట్టీపట్టాను. అది మా నాన్న జీపు కింద ఉందని అప్పట్లో నాకెవరూ చెప్పలేదు. అందుకే మీకు చెబుతున్నాను. నాన్న ఐదో తరగతితో చదువు ఆపేశారు. ఇప్పుడు ప్రతి నెలా మొదటి ఆదివారం టేపు పట్టుకుని నాలుగు ఎత్తులూ కొలిచి, నా పాత నోటుబుక్కులో రాసుకుంటున్నారు. ఈ సెలవులకి వెళ్లినప్పుడు ఆ పేజీ చూశాను. అంకెలు నాకంటే గుండ్రంగా రాశారు.

– పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ భౌతికశాస్త్రం