ఖరీదైన భోజనశాలలు – వేతన చట్టములు

భోజనశాల ఎంత ఖరీదైనదైతే అందు పనిచేయువారికి జీతము అంత సక్రమముగా ముట్టునని మనము సాధారణముగా తలంతుము. ఇది ఎల్లప్పుడును నిజము కాదు. వెండి చెంచాలతో వడ్డించు చోట సైతము జీతపు లెక్కలు తప్పుట కలదు. యజమాని చెల్లించు వేతనమునకును, అతిథి ఇచ్చు ఇనామునకును గల భేదమును మరచుట ఇందుకొక ముఖ్య కారణము. దీనిని గ్రహించుటకు అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రపు చట్టము మంచి ఉదాహరణము. ఉన్నత విద్యకై ఆ దేశమునకు వెళ్లు తెలుగు విద్యార్థులు అనేకులుండుటచే ఇది మనకు దూరపు సంగతియు కాదు.

అమెరికా కేంద్ర ప్రభుత్వము 1938లో కనీస వేతనమును, పనిగంటలను నిర్ణయించు చట్టమును చేసినది. 1966 నాటి సవరణచే హోటళ్లలో, భోజనశాలలలో పనిచేయువారు అనేకులు దాని రక్షణలోనికి వచ్చిరి. అయితే అతిథులిచ్చు టిప్పులలో కొంత భాగమును కనీస వేతనము క్రింద జమకట్టుకొనుటకు అదే సవరణ యజమానికి వీలు కల్పించినది. కాలిఫోర్నియా వంటి కొన్ని రాష్ట్రములు ఈ జమను ఒప్పుకొనవు. న్యూయార్కు పరిమితముగా ఒప్పుకొనును.

ఒక లెక్క చూతము. 2025లో న్యూయార్కు నగరమున కనీస వేతనము గంటకు 16.50 డాలర్లు. వడ్డించువానికి యజమాని 11 డాలర్లు చెల్లించి, మిగిలిన 5.50 డాలర్లను టిప్పుల నుండి జమ చూపవచ్చును. వారమున 40 గంటలు దాటినచో ఒకటిన్నర రెట్లు ఇయ్యవలెను. కొందరు ఇచ్చటనే పొరబడుదురు. 11ను ఒకటిన్నరచే హెచ్చించి 16.50 ఇచ్చిన చాలునని తలంతురు. చట్టము ప్రకారము పూర్తి వేతనమగు 16.50ను హెచ్చించి 24.75 రాబట్టి, అందుండి 5.50 తీసివేసి, 19.25 డాలర్లు చెల్లించవలెను. తేడా గంటకు 2.75 డాలర్లు. వారమునకు పది గంటలు అదనముగా పనిచేయువాడు 27.50 డాలర్లు కోల్పోవుచున్నాడన్నమాట.

ఇక టిప్పుల విషయము. రాష్ట్ర కార్మిక చట్టములోని 196-డి సెక్షను ప్రకారము టిప్పును గాని, టిప్పుగా తోచు రుసుమును గాని యజమాని తన వద్ద ఉంచుకొనరాదు. విందు నౌకలు నడపు వరల్డ్ యాట్ సంస్థపై వచ్చిన వ్యాజ్యములో 2008లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానము, అతిథి ఆ రుసుమును ఏమని అర్థము చేసికొనునన్నదే ప్రధానమని తీర్పు చెప్పినది. పిమ్మట 2011 నుండి అమలైన నిబంధనల ప్రకారము, రుసుము టిప్పు కానిచో ఆ సంగతిని 12 పాయింట్లకు తగ్గని అక్షరములతో తేటగా ముద్రింపవలెను. నగరములోని ప్రఖ్యాత పర్ సే భోజనశాల, ప్రత్యేక విందులకు వేసిన 20 శాతము రుసుము టిప్పు కాదని స్పష్టముగా తెలుపలేదన్న అభియోగముపై, 2015లో 5 లక్షల డాలర్లు చెల్లించుటకు రాజీపడినది. ఒక్క వాక్యము లోపించుట వలన ఇంత సొమ్ము చెల్లింపవలసి వచ్చెను.

మన సుప్రీంకోర్టు కూడ 2016లో ఒక ఆదాయపు పన్ను వ్యాజ్యమున, హోటలు ద్వారా పంచబడినను టిప్పు అతిథి నుండి వచ్చునదే గాని యజమాని ఇచ్చు జీతము కాదని చెప్పినది. సందర్భములు వేరైనను మూలసూత్రమొక్కటే. టిప్పు అతిథి ఔదార్యము. వేతనము యజమాని బాధ్యత.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు భోజనశాలలో కొలువు చేయవచ్చును, కొందరు దానిని నడుపవచ్చును. కొలువు చేయువారు పనిగంటలను ప్రతిదినము స్వయముగా వ్రాసికొనుడు, జీతపు చీటీని భద్రపరచుకొనుడు. నడుపువారు లెక్కలను దాచకుడు. వడ్డించిన చేతికి రావలసిన 2.75 డాలర్లు చిన్న మొత్తమే కావచ్చును, కాని అది ఆ చేతిదే.