మనం జరిగితే పని జరుగుతుంది

తిరుమలకు వెళ్లొచ్చినవాళ్లు ఏ భాషవాళ్లయినా ఒక్క తెలుగు మాట మాత్రం నేర్చుకునే కొండ దిగుతారు. ‘జరగండి!’ గంటలకొద్దీ నిలబడి, స్వామి ముందుకు వచ్చీ రాగానే చెవిన పడే ఆ మాట ఎవరికి రుచిస్తుంది? అయితే మన భాషలో దానికి ఇంకో అర్థమూ ఉంది. మనిషి పక్కకు జరుగుతాడు, పని ముందుకు జరుగుతుంది. ఈ రెండింటి చుట్టరికం అదే కొండ మీద, కూరగాయలు తరిగేచోట కనిపిస్తుంది.

తిరుమల తిరుపతి దేవస్థానం 2000లో ‘శ్రీవారి సేవ’ మొదలుపెట్టింది. మెడలో కండువా వేసుకుని, జీతం భత్యం లేకుండా, సాధారణంగా వారం రోజులు పనిచేసి వెళ్తారు సేవకులు. బ్యాంకులో పెద్ద కుర్చీలో కూర్చునే ఆయనా, వేరుశనగ పండించే రైతూ, నిన్నగాక మొన్న ఇంజినీరింగ్ ముగించిన కుర్రాడూ ఒకే గుమ్మడికాయల గుట్ట ముందు కూర్చుంటారు. అక్కడ కత్తిపీటకు ఎవరి హోదాతోనూ పనిలేదు. ‘నేను’ కాస్త పక్కకు జరుగుతుంది, వేలమందికి వంట జరుగుతుంది.

ఆ అన్నం వడ్డించే భవనానికి పెట్టిన పేరు తరిగొండ వెంగమాంబది. వాయల్పాడు దగ్గరి పల్లెలో పుట్టి, చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని, లోకం మాటలు పడి కొండ చేరిన కవయిత్రి ఆమె. కావ్యాలు రాస్తూనే యాత్రికులకు అన్నం పెట్టిందని చెప్పుకుంటారు. ఆమె 1817లో కన్నుమూసింది. తిరుమలలో నిత్యాన్నదానాన్ని 1985లో ఎన్.టి. రామారావు ప్రారంభించారు. వెంగమాంబ పేరిట కొత్త అన్నప్రసాద భవనం 2011లో తెరుచుకుంది. తన పేరు నిలవాలని ఆమె వడ్డించలేదు. వడ్డించింది కాబట్టే పేరు నిలిచింది.

సేవ వల్ల యువతకు ఏమొస్తుంది? పుణ్యం సంగతి పక్కన పెడదాం. క్యూలైన్లో పాలు అందించే అమ్మాయి ఒక్కరోజులో తమిళ అవ్వకు సైగలతో దారి చెబుతుంది, కన్నడ పసివాణ్ని ఊరడిస్తుంది, అలసి విసుక్కునే పెద్దమనిషిని ‘ఇంకొంచెం సేపే సామీ’ అని నెమ్మదింపజేస్తుంది. మొదటి మనిషితో మాట్లాడినంత మెత్తగా వెయ్యో మనిషితోనూ మాట్లాడటం ఏ కోచింగ్ సెంటరూ నేర్పని విద్య. రేపు ఉద్యోగంలో, సంసారంలో అక్కరకొచ్చేది అదే.

దీనికి కొండే ఎక్కనక్కర్లేదు. 1969లో మొదలైన జాతీయ సేవా పథకం కళాశాల విద్యార్థిని అడిగేది రెండేళ్లకు 240 గంటలు. లెక్కేస్తే వారానికి రెండున్నర గంటలు కూడా కాదు, ఒక సినిమా చూసినంత సేపు. సర్టిఫికెట్ కోసం సంతకాలు పెట్టి ఆ గంటలు గడిపేసేవాళ్లూ ఉంటారు. వాళ్లకు కాగితం మిగులుతుంది, మనిషి మాత్రం ఉన్నచోటే ఉంటాడు.

మీ వీధి నుంచే మొదలుపెట్టండి. తిరుపతి గంగ జాతర ఎండల్లో చలివేంద్రం దగ్గర నిలబడి మజ్జిగ పోయండి. పెద్దాసుపత్రిలో ఓపీ చీటీ ఎక్కడ రాయిస్తారో తెలియని పల్లెటూరి పెద్దాయనకు తోడు నడవండి. ఎదురింటి అవ్వకు ఫోన్లో ఫారం నింపిపెట్టండి. పది పనులు తలకెత్తుకోవద్దు, ఒక్కటి పట్టుకోండి. వారంలో ఒక రోజు, ఒక వేళ ఖాయం చేసుకోండి. వెళ్లగానే సలహాలివ్వకుండా ‘ఏం చెయ్యమంటారు?’ అని అడగండి. ఫోటో తర్వాత, ముందు చెయ్యి తడవాలి.

ఈ ఆదివారం రెండు గంటలు ఫోను పక్కన పెట్టి గడప దాటండి. ‘జరగండి’ అని ఎవరో అనేదాకా ఆగడమెందుకు? మనంతట మనమే ఒక్క అడుగు జరుగుదాం.