ఇంట్లో సినిమాకు ఏ ఫిల్మ్ మేలు?

ప్రశ్న: పాత సినిమా రీళ్లు సేకరించి ఇంట్లోనే ప్రొజెక్టరు పెట్టి చూడాలని నా కోరిక. 8, 16, 35 ఎం.ఎం.లలో ఏది ఎంచుకోవాలి?
– ఒక పాఠకుడు, పుంగనూరు

జవాబు: మీకు 16 ఎం.ఎం. మేలు. రెండున్నర గంటల సినిమా 35 ఎం.ఎం.లో దాదాపు 13,500 అడుగులు ఉంటుంది. 16లో 5,400 అడుగులే. 35లో బొమ్మ అన్నిటికన్నా స్పష్టంగా ఉంటుంది కానీ ఆ యంత్రానికి, రీలు డబ్బాలకు ఒక గదే కావాలి. పైగా 1950ల తొలినాళ్లకు ముందటి 35 ఎం.ఎం. రీళ్లు నైట్రేటువి కావచ్చు. వాటికి నిప్పు ఇట్టే అంటుకుంటుంది; ఇంట్లో ఉంచొద్దు. 1965లో వచ్చిన సూపర్ 8 చిన్న గదికి సరిపోతుంది కానీ అందులో తెలుగు సినిమాలు దొరకడం అరుదు.

మదనపల్లెలోనో కుప్పంలోనో పాత టాకీసు సామాను అమ్మకానికి వస్తే ముందు డబ్బా మూత తీసి వాసన చూడండి. వెనిగర్ వాసన వస్తే ఎసిటేటు ఫిల్మ్ పాడవుతున్నట్టే. దాన్ని మంచి రీళ్ల పక్కన పెట్టొద్దు. అంచు రంధ్రాలు చిరిగాయేమో, ఫిల్మ్ ముడుచుకుపోయిందేమో చూడండి. సౌండ్ దీపం వెలుగుతోందో లేదో చూసుకున్నాకే ప్రొజెక్టరు కొనండి. రీళ్లను రేకుల కప్పు కింద కాకుండా, చల్లని పొడి గదిలో దాచండి.