గిటారు ప్రతిధ్వని పెట్టెకు కాలిమీట చేయు విధము

గడచిన క్రిస్మసు రాత్రి ఆరాధనలో మన గాయకబృందము పాడుచుండగా గిటారు ప్రతిధ్వని తాళము తప్పి, పాట నడుమనే తడబడిన సంగతి చదువరులలో పలువురకు జ్ఞాపకముండును. నాడు గిటారు వాయించిన బాలునిదే తప్పని కొందఱు పెద్దలు తలంచిరి. ఆ బాలుడును అట్లే తలంచి, పండుగ దినములన్నియు ముఖము చాటుచేసికొని తిరిగెను. ఆ తప్పు అతనిది కాదు. అతని పాదము క్రింద నుంచిన మీటను చేసినవారము మేము. దానిని విప్పి, మరల చేసి, లోపమేదో తెలిసికొంటిమి గనుక ఆ సంగతిని, మీట చేయు విధమును ఇచ్చట వ్రాయుచున్నాము.

చిత్తూరు సీమలో ఆర్కాటు మిషనును, తిరుపతి సీమలో హెర్మన్స్‌బర్గు లూథరను మిషనును నాటిన సంఘములలో నేడు హార్మోనియము ప్రక్కనే గిటారును వినబడుచున్నది. విద్యుత్ గిటారు స్వరము స్పీకరును చేరకముందు ఎఫెక్టు పెడలు అను చిన్న పెట్టెగుండ పోవచ్చును. స్వరమును బరకగా చేయు పెట్టె యొకటి, ప్రతిధ్వనిని పుట్టించునది మఱియొకటి. ఇట్టివి పెక్కులు గలవు. 1962లో అమెరికా దేశపు గిబ్సను కంపెనీవారు మాస్ట్రో ఫజ్-టోన్ అను పెట్టెను అమ్మకమునకు తెచ్చినపుడే దానిపై కాలితో నొక్కు బొత్తాము నుంచిరి. వాయించువాని రెండు చేతులును తీగెలపై నుండును గదా! వెంకటగిరి నేతగాడు గుంటమగ్గమున కూర్చుండి చేతులతో నాడెను నడపుచు, కాళ్ళతో చెక్కలను త్రొక్కుట యెందులకో ఇదియు నందులకే.

ప్రతిధ్వని పెట్టెకు ఒక చిక్కు గలదు. ప్రతిధ్వని యెంత యెడముతో రావలెనో ప్రతి పాటకును వేఱుగా నిర్ణయింపవలెను. పాట తాళమునకు సరిగా బొత్తామును నాలుగు మార్లు తట్టినచో, పెట్టె ఆ తట్టుల నడిమి కాలమును కొలిచి ప్రతిధ్వనిని దానికి సరిపుచ్చును. దీనిని ట్యాప్ టెంపో అందురు. కొన్ని పెట్టెలమీద దీనికై వేఱు బొత్తాము లేదు. వెనుక నొక రంధ్రము మాత్రముండును. బయటి మీటను తీగెతో అందు తగిలింపవలెను. మన గాయకబృందపు పెట్టె ఈ జాతిదే.

అంగడిలో ఇట్టి మీటలు దొరకును గాని, లోపల నున్న పదార్థమును చూచినచో వాని వెల హెచ్చనియే మాకు తోచును. మీటలో బ్యాటరీ లేదు, యంత్రము లేదు. పెట్టెలోపల ఒక సన్నని తీగెను ఒక రెసిస్టరుగుండ 5 వోల్టుల వద్ద నిలిపియుంతురు. కొన్నిట 3.3 వోల్టులే. మనము మీటను నొక్కినపుడు ఆ తీగె భూతీగెను తాకి సున్న వోల్టులకు పడిపోవును. పెట్టెలోని చిన్న లెక్కింపు యంత్రము ఆ పడుటను కనిపెట్టును. రెసిస్టరు 10,000 ఓముల దనుకొందము. అపుడు ప్రవహించు విద్యుత్తు 5ను 10,000తో భాగింపగా వచ్చు 0.5 మిల్లీఆంపియరు మాత్రమే. భౌతికశాస్త్రము చదువు విద్యార్థులు దీనిని ఓము నియమముగా గుర్తింతురు. రెండు తీగెలు తాకుట, విడుట: ఇంతే మీట పని.

ఎట్లు తాకవలెను అను ప్రశ్నయొద్దనే మేము పొరబడితిమి. ఇంటి వాకిట గంట బొత్తామును చూడుడు. వ్రేలు నొక్కియున్నంతసేపే గంట మ్రోగును. వ్రేలు తీయగానే ఆగును. గోడమీది దీపపు మీట అట్లు కాదు. ఒకసారి నొక్కిన దీపము వెలిగి యట్లే యుండును. మఱియొకసారి నొక్కవలెను, ఆర్పుటకు. మొదటి జాతిని మొమెంటరీ యనియు, రెండవదానిని లాచింగ్ అనియు అంగడివారు పిలుతురు. పైకి రెండును ఒక్క రూపుననే యుండును; అదే మెఱుగు, అదే టక్కను చప్పుడు. ట్యాప్ టెంపోకు గంట బొత్తాము జాతి కావలెను. మేము దీపపు మీట జాతిని కొని తెచ్చితిమి.

దాని ఫలమును లెక్కవేసి చూడుడు. నాటి పాట నిమిషమునకు 80 దెబ్బల నడక గలది. అనగా దెబ్బకు 0.75 సెకను. బాలుడు సరిగానే తట్టెను. మొదటి తట్టునకు తీగెలు కలిసినవి. రెండవ తట్టునకు విడిపోయినవి. మూడవదానికి మరల కలిసినవి. పెట్టె కలయికలను మాత్రమే లెక్కించును. కావున ఒకటవ తట్టునకును మూడవ తట్టునకును నడుమ నున్న 1.5 సెకనులనే అది దెబ్బగా గ్రహించెను. ప్రతిధ్వని రెండింతలు ఆలస్యముగా వచ్చి, తరువాతి చరణముపై పడెను. పాపము, తన కాలే వెనుకబడుచున్నదని యెంచి బాలుడు వడిగా తట్టసాగెను. తట్టినకొలది పాట చెడెను. ఆ మీట ఆ సాయంకాలమే సిద్ధమైనది. అభ్యాసమున ఒక్కసారియైనను దానిని వాడి చూడలేదు. మల్టీమీటరు పెట్టి చూచినపుడు ఈల వినబడెను. అది చాలునని మురిసితిమి. కాలు తీసిన పిమ్మటను ఈల నిలువకున్న సంగతిని చెవిని పెట్టమైతిమి.

ఇక చేయు విధము. 6.35 మిల్లీమీటర్ల మోనో సాకెట్టు ఒకటి, నార్మలీ ఓపెన్ జాతి మొమెంటరీ కాలిమీట ఒకటి, రెండు జానల తీగె, గట్టి అల్యూమినియము పెట్టె యొకటి కావలెను. చెన్నపట్టణపు రిచీ వీధిలోను, బెంగుళూరు ఎస్.పి. రోడ్డులోను ఇవి దొరకును. పెట్టె దొరకనిచో వడ్రంగిచే టేకు చెక్కతో చేయించుకొన్నను దోషము లేదు. మీటకు 12 మిల్లీమీటర్ల రంధ్రమును, సాకెట్టుకు సుమారు 10 మిల్లీమీటర్ల రంధ్రమును తొలువుడు. సాకెట్టులో దూర్చు ప్లగ్గు మొనను తాకు రేకునకు ఒక తీగెను, ప్లగ్గు మొదలును తాకు రేకునకు మఱియొక తీగెను టంకము వేసి, వాని రెండవ కొనలను మీట రెండు కాళ్ళకు అతుకుడు. ఏ తీగె ఏ కాలికన్న విచారము లేదు. 60 పాళ్ళు తగరము, 40 పాళ్ళు సీసము గల టంకపు తీగె సుమారు 190 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరగును. అతుకును వేడిచేసి దానిపై టంకమును కరగనీయవలెను గాని, టంకమును కరగించి అతుకుపై కార్చరాదు. మూడు సెకనులకు మించి కడ్డీ నుంచినచో మీటలోని ప్లాస్టిక్కు మెత్తబడి చెడును. సీసము విషము గాన పని ముగియగానే చేతులు కడుగుకొనవలెను. నేలపై జారకుండుటకు పాత సైకిలు ట్యూబు ముక్కలను అడుగున అంటింపుడు.

వెనుక రంధ్రము ఏ జాతి మీటను కోరునో పెట్టెతో వచ్చిన పుస్తకమునందు వ్రాసియుండును. పుస్తకము పోయినచో 9 వోల్టుల పెడళ్ళవరకు ఒక సులువైన పరీక్ష గలదు. రెండు కొనలను మోనో ప్లగ్గులున్న గిటారు తీగెను ఒక కొనయందు పెట్టెకు తగిలించి, రెండవ కొన ప్లగ్గు మొనకును మొదలునకును ఒక రూపాయి నాణెమును తాళముగా తాకించి తీయుడు. ఆ తాకుళ్ళకు సరిగా ప్రతిధ్వని మారినచో గంట బొత్తాము జాతియే కావలెనని తెలిసికొనుడు. ఈ పరీక్ష మేము నవంబరులోనే చేసియుండవలసినది.

రెండు హెచ్చరికలు. కొన్ని పెట్టెల రంధ్రము స్టీరియో జాతిది. మూడు రేకులతో రెండు మీటలను భరించును. అందు మోనో ప్లగ్గును దూర్చినచో నడిమి రేకు మొదటితో కలిసి, రెండవ మీటను ఎవరో యెడతెగక నొక్కియున్నట్లు పెట్టె భ్రమించును. ఇక వాల్వుల యాంప్లిఫయరు సంగతి. దానిలోపల వందల వోల్టులుండును. పటము లేక దాని రంధ్రమును పరీక్షింపబోవలదు. నాణెపు పరీక్ష దానికి కాదు. గోడ విద్యుత్తుతో నడుచు ఏ పెట్టె మూతనైనను విద్యార్థులు విప్పరాదు.

క్రొత్త మీటను ఈస్టరు ఆరాధనకు నెల దినములు ముందుగా ఆ బాలునికే ఇచ్చితిమి. అతడు మొదట నాణెము తెచ్చి, మా యెదుట పరీక్షించి, పిమ్మట కాలు మోపెను. పాత మీట సైన్సు గదిలో బీరువా రెండవ అరలో నున్నది. దానిపై ఎఱ్ఱ రంగుతో 'దీపపు మీట' యని వ్రాసితిమి. లాచింగ్ జాతిని కోరు యాంప్లిఫయరు గలవారు అడిగి తీసికొనిపోవచ్చును.