ఫోటోలో పాట వినిపిస్తుందా?



స్కూల్ వార్షికోత్సవంలో మీ పాప గ్రూప్ సాంగ్ పాడుతుంటే సెల్‌ఫోన్‌లో ఏం తీస్తారు? దాదాపు అందరం ఒకటే చేస్తాం. జూమ్ చేసి మన పాప ముఖం మాత్రమే తీస్తాం. పక్కన గొంతు కలిపిన పిల్లలు, హార్మోనియం వాయించిన టీచరు అందులో ఉండరు. పదేళ్ల తర్వాత చూస్తే పాప కనిపిస్తుంది, పాట మాత్రం గుర్తుకు రాదు.

ఈ నెల మీ పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని ఒక ఫోటో చూడండి. ఏటా పుష్య బహుళ పంచమికి తంజావూరు దగ్గరి తిరువయ్యారులో జరిగే త్యాగరాజ ఆరాధన ఫోటో అది. పత్రికల్లోనూ, ఇంటర్నెట్‌లోనూ సులువుగా దొరుకుతుంది.

కావేరి ఒడ్డున, 1847లో కన్నుమూసిన త్యాగరాజస్వామి సన్నిధిలో, గాయకులూ వాద్యకారులూ నేలమీద ఎదురెదురు వరుసల్లో కూర్చుని ఉంటారు. పేరుమోసిన విద్వాంసులూ, నేర్చుకుంటున్నవాళ్లూ కలిసి పంచరత్న కీర్తనలు పాడతారు. ఐదింటిలో మొదటిది సంస్కృతం, మిగతా నాలుగూ తెలుగు. తమిళగడ్డ మీద అన్ని గొంతులు ఒక్కసారిగా తెలుగు పాడుతున్న క్షణం అది. ఫోటోలో ఏ ఒక్కరూ హీరో కాదు. ఆ ఉత్సవం స్వభావమే అది.

1969లో అమెరికాలో జరిగిన వుడ్‌స్టాక్ సంగీతోత్సవానికి గుర్తుగా నిలిచిన ఫోటో కూడా ఇలాంటిదే. బర్క్ అజిల్ తీసిన ఆ ఫోటోలో గాయకులు లేరు. ఒకే దుప్పటి కప్పుకుని నిలబడ్డ ఒక జంట, చుట్టూ నేలమీద పడుకున్న జనం, అంతే.

ఇప్పుడు పిల్లలను ఒక ప్రశ్న అడగండి: ‘పాత రోజుల్లో ఈ వరుసల్లో ఎవరు ఉండేవారు కాదు?’ జవాబు: ఆడవాళ్లు. బెంగళూరు నాగరత్నమ్మ తన సొంత డబ్బుతో అక్కడ గుడి కట్టించినా, స్త్రీలకు ఆ ఆరాధనలో పాడే అవకాశం ఉండేది కాదు. ఆమె మహిళలను కూడగట్టి విడిగా పాడించారు. 1940 ప్రాంతంలో అందరూ ఒక్కటయ్యారు. మీ పాపకు మామూలుగా కనిపించే ఆ స్త్రీల వరుస వెనక ఇంత పట్టుదల ఉంది.

ఇది ఎక్కడో దూరపు కథ అనుకోకండి. త్యాగరాజస్వామి ఇంటిపేరు కాకర్ల. వారి పూర్వీకులది మన అర్ధవీడు మండలంలోని కాకర్ల గ్రామమని చెబుతారు.

ఇంట్లో చేయించండి: ఈసారి త్రిపురాంతకం కొండకో, మీ వీధి రామాలయంలో భజనకో వెళ్లినప్పుడు ఫోన్ పిల్లల చేతికివ్వండి. ఒక్క ఫోటోనే తీయమనండి. సెల్ఫీ వద్దు. తాళాలు వేసే తాత, వెనక వరుసలో గొంతు కలిపే అవ్వ, ఒడిలో నిద్రపోతున్న పసివాడు, ఎవరైనా సరే. తర్వాత మూడు ప్రశ్నలు అడగండి.

1. ఇందులో ఎవరున్నారు?
2. ఎవరు లేరు? ఎందుకు?
3. శబ్దం లేకపోయినా ఇక్కడ పాట జరుగుతోందని ఎలా తెలుస్తోంది?

జవాబులను పిల్లల మాటల్లోనే డైరీలో రాయించి క్లాస్ టీచరుకు పంపండి. తప్పొప్పులు దిద్దకండి. వచ్చే వార్షికోత్సవంలో మీరూ ఒక్కసారి జూమ్ తీసేసి, స్టేజీ మొత్తం కనిపించేలా ఒక ఫోటో తీయండి. పెద్దయ్యాక మీ పాప ఎక్కువసేపు చూసేది ఆ ఫోటోనే కావచ్చు.