నోటికి కావలి – ఉమ్మినీరు

త, థ, ద, ధ, న – ఈ యక్షరములను మనము దంత్యములందుము. దంతములు చెడినచో పలుకును చెడును, చదువును చెడును. మా తరగతిలో నొక బాలుడు దవడపంటి పోటుచే మూడు రాత్రులు నిద్రలేక పరీక్షకు రాలేకపోయెను. అందుచే ఈ పాఠమును వ్రాయ తలపెట్టితిమి.

పండ్లకు కావలి కాయునది ఉమ్మినీరు. మన యిరుగుపొరుగు తమిళులు దీనిని ఉమిళ్‌నీర్ అందురు. శాస్త్రమున లాలాజలమని పేరు. మూడు జతల పెద్ద గ్రంథులును, అనేకములగు చిన్న గ్రంథులును దీనిని స్రవించును. దినమునకు సుమారు అర లీటరు మొదలు లీటరున్నర వరకు ఊరును.

పన్ను ఎట్లు పుచ్చును? పండ్లపై పేరుకొను పాచిలో సూక్ష్మజీవులు కలవు. అవి మనము తిన్న చక్కెర నుండి ఆమ్లమును పుట్టించును. ఆమ్లత్వమును తెలుపు పి.హెచ్. విలువ సుమారు 5.5 కన్న తగ్గినచో, పంటి పైపొరయగు పింగాణిలోని కాల్షియమ్, ఫాస్ఫేటు లవణములు కరగసాగును.

ఉమ్మినీరు దీనిని మూడు విధముల నడ్డుకొనును. తిండి తునకలను కడిగివేయును. తనలోని బైకార్బొనేటుచే ఆమ్లమును విరుచును. కరగిన లవణములను కొంతవరకు మరల పంటికి చేర్చును. ఇందుకు వ్యవధి కావలెను. తీపి తిన్న పిమ్మట నోరు మామూలు స్థితికి వచ్చుటకు అరగంట మొదలు గంట వరకు పట్టవచ్చును. కావున భోజనముతో నొకమారు తీపి తినువానికంటె, మాటిమాటికి బిళ్లలు చప్పరించువాని పండ్లకు అపాయ మెక్కువ.

తల్లిదండ్రులకు నొక మనవి. నిద్రలో ఉమ్మి మిక్కిలి తగ్గును. పాలసీసాను నోట నుంచి పసిబిడ్డను నిద్రపుచ్చరాదు. రాత్రి పండ్లు తోమిన పిదప నీరు తప్ప మరేమియు నీయరాదు. ఎల్లప్పుడు నోరెండుచుండు పిల్లలను వైద్యునికి చూపవలెను.

అయినను ఉమ్మియే చాలునని నమ్మరాదు. అంటుకొనిన పాచిని అది తొలగింపజాలదు. దినమునకు రెండుమారులు ఫ్లోరైడు గల పేస్టుతో తోముకొనవలెను. ఒకసారి గుంట పడిన పన్ను తనంతట తాను పూడదు. పైన చెప్పిన బాలుని పన్నును పెరికివేయవలసి వచ్చెను. అది పాలపన్ను కాదు, మరల రాదు.

ప్రశ్నలు:
1. ఉమ్మినీరు పంటిని కాపాడు మూడు విధము లెవ్వి?
2. రాత్రివేళ తీపి తినుట యేల మిక్కిలి హానికరము?
3. నిన్న నీవు ఎన్నిమారులు తీపి తింటివో వ్రాయుము.