జోధ్‌పూర్ గద్దె ఎవరిది?



"ఆంబేరు రాజు అక్బర్‌కు పిల్లనిచ్చి పరువు పోగొట్టుకున్నాడు, రాణా ప్రతాపుడు నిలబెట్టుకున్నాడు, అంతేనా తాతయ్యా?" అని రాశావు. పరీక్షకు అది సరిపోతుందేమో కానీ నీకు సరిపోదు. కాసేపు పరువు సంగతి పక్కన పెట్టు. గద్దె ఎవరెక్కారు, ఎవరు ఎక్కించారు? అది చూడు.

1562లో ఆంబేరు రాజు భారమల్‌ది అడకత్తెరలో పోకచెక్క బతుకు. అన్న కొడుకు సూజా గద్దె నాదంటున్నాడు. మొగలు అధికారి షరఫుద్దీన్ సూజా వైపు చేరి, భారమల్ కొడుకునూ మరికొందరు ఇంటి పిల్లలనూ పట్టుకుపోయాడు. అప్పుడే అక్బర్ అజ్మీర్ దర్గాకు బయల్దేరాడు. భారమల్ ఎదురెళ్లి కలిశాడు. పాదుషా తిరిగొచ్చేటప్పుడు సాంభర్‌లో భారమల్ కూతురితో ఆయన పెళ్లి జరిగింది, పిల్లలు విడుదలయ్యారు. మనవడు మాన్‌సింగ్ కొలువులో చేరి, 1605 నాటికి 7000 మన్సబ్ (కొలువులో హోదా) ఉన్న మన్సబ్‌దారయ్యాడు. రాకుమారులు కానివాళ్లకు అది అరుదు.

అయితే పిల్లనిస్తేనే పొత్తు అనుకోకు. 1569లో రణథంభోర్ కోట అప్పగించిన బూందీ సుర్జన్ హాడా పిల్లనివ్వకుండానే కొలువు చేశాడు. 1615లో మేవాడ్ రాణా అమర్‌సింగ్ కూడా అంతే. పైగా ఈ రాణా తాను స్వయంగా దర్బారుకు రాననీ, కొడుకును పంపుతాననీ ఒప్పించుకున్నాడు. చిత్తోడ్ తిరిగొచ్చింది, కాకపోతే కోట గోడలు బాగుచెయ్యకూడదని షరతు.

అసలు కిటుకు వతన్ జాగీరులో ఉంది. మామూలు జాగీరును, అంటే జీతానికి బదులిచ్చే భూమి శిస్తును, మూడు నాలుగేళ్లకోసారి మార్చేవారు. రాజపుత్రుల సొంతగడ్డ మాత్రం వంశానికే వదిలి, అదనంగా వేరేచోట జాగీరులిచ్చేవారు. కాబూల్‌లోనో బెంగాల్‌లోనో సంపాదించిన సొమ్ము ఇంటికొచ్చేది. ఇంట్లో ఎదురుతిరిగే సొంత వంశపు ఠాకూర్లను అణచడానికి ఆ సొమ్మూ పాదుషా అండా రెండూ పనికొచ్చేవి. అందుకే ఈ పొత్తు శతాబ్దానికి పైగా నిలిచింది. అయితే కొత్త రాజు నుదుట తిలకం దిద్దే హక్కు పాదుషా చేతికి పోయింది.

జోధ్‌పూర్‌నే తీసుకో. లొంగని రాజు చంద్రసేనుడు చనిపోయాక 1583లో అక్బర్ దాన్ని అతని అన్న ఉదయ్‌సింగ్‌కిచ్చాడు. 1638లో అక్కడి రాజు పోయాక పెద్దకొడుకు అమర్‌సింగ్‌ను (మేవాడ్ రాణా కాదు, ఈయన వేరు) కాదని చిన్నవాడు జస్వంత్‌సింగ్ గద్దెక్కాడు, షాజహాన్ సరేనన్నాడు. అమర్‌సింగ్‌కు నాగౌర్ దక్కింది. అప్పుడెవరూ ఇది అన్యాయమని కత్తి దూయలేదు. 1678 చివర్లో జస్వంత్‌సింగ్ జమ్రూద్‌లో చనిపోయేనాటికి వారసుడు లేడు, రాణులు గర్భవతులు. ఔరంగజేబు రాజ్యాన్ని సర్కారులో కలుపుకున్నాడు. లాహోర్‌లో అజిత్‌సింగ్ పుట్టాక కూడా, 36 లక్షల పేష్కష్ (నజరానా) మాటాడుకుని గద్దెను ఇంద్రసింగ్‌కు కట్టబెట్టాడు. ఈ ఇంద్రసింగ్ ఎవరనుకున్నావు? 1638లో గద్దె పోగొట్టుకున్న అమర్‌సింగ్ మనవడే! ఔరంగజేబు వాడినది తన తాతముత్తాతల నుంచి వచ్చిన తిలకం హక్కునే. చెడింది లెక్క. అక్బర్ ఆ హక్కుతో జోధ్‌పూర్ ఏలే రాఠోడ్లను దగ్గరకు తీసుకుంటే, ఈయన వాళ్లను దుర్గాదాస్ రాఠోడ్ నాయకత్వంలో ఎదురుతిరిగేలా చేశాడు. ముస్లిమేతరులపై వేసే జిజియా పన్ను కూడా అదే 1679లో తిరిగొచ్చిందిగానీ, జోధ్‌పూర్ మంటకు అదొక్కటే కారణమంటే నేనొప్పుకోను.

నీ వ్యాసం ప్రతాపుడి హల్దీఘాటీ యుద్ధంతో కాక ఇక్కడ మొదలుపెట్టు. ఔరంగజేబు పోయాక 1707లో జోధ్‌పూర్ తిరిగి గెలుచుకున్న అజిత్‌సింగే 1715లో తన కూతుర్ని ఫర్రుఖ్‌సియర్ పాదుషాకిచ్చాడు. 1719లో ఆ అల్లుణ్ణి దించినవాళ్లతో చేతులు కలిపి, కూతుర్నీ ఆమె సొమ్మునూ జోధ్‌పూర్ తీసుకుపోయాడు. ఢిల్లీలో అడ్డుకోగలిగినవాడు లేడు.

ఇట్లు,
తాతయ్య